పరుగు పందెం మీద ఒక నవల కావాలి



వార్షికోత్సవం అనగానే మనకు ఆటల పోటీలు, బహుమతులు, ముఖ్య అతిథుల ఉపన్యాసాలు గుర్తొస్తాయి. ఏ ఉపన్యాసంలోనైనా ఒక మాట తప్పకుండా ఉంటుంది. "పూర్ణను ఆదర్శంగా తీసుకోండి, దీప్తిని ఆదర్శంగా తీసుకోండి" అని. తీసుకోవలసిందే, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఆదర్శంగా తీసుకోవడానికి వాళ్ల గురించి మన చేతికి అందినది ఎంత? ఒక ఫొటో, ఒక పతకం, ఒక తేదీ. మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆమె మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయి. ఈ రెండు వాక్యాలు మనలో ఎవరిని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మూడో వాక్యం అడిగితే మాత్రం తల గోక్కుంటాం.

అందుకే నా అభిప్రాయం ఇది. పోటీల్లో పరుగెత్తే పదిహేనేళ్ల పిల్ల మీద, మన వయసు వాళ్లు చదివేలా, తెలుగులో ఒక మంచి నవల రావాలి.

"నిజమైన మనుషులే కళ్ల ముందు ఉండగా కల్పిత కథ ఎందుకు?" అని ఒక సీనియర్ అన్న నన్ను అడిగాడు. మంచి ప్రశ్నే. దానికి జవాబు మన పక్క జిల్లాలోనే ఉంది.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామం. జీవంజి దీప్తి ఊరు అది. తల్లిదండ్రులు కూలి పని చేసుకునే వాళ్లు. పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం ఉన్న ఆ పిల్లను ఊళ్లో కొందరు రూపం చూసి, నడవడిక చూసి వెక్కిరించారు. అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చిన వాళ్లూ ఉన్నారని ఆమె తల్లి తర్వాత పత్రికలకు చెప్పింది. కష్టకాలంలో అమ్ముకున్న కొద్దిపాటి పొలాన్ని కూతురి పతకాల తర్వాత వచ్చిన డబ్బుతో మళ్లీ కొనుక్కున్నారు. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 400 మీటర్ల టి20 విభాగంలో ఆమెకు స్వర్ణం వచ్చింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే సంవత్సరం సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలుచుకుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కోబేలో ఆమె సాధించిన రికార్డు పారిస్ ఫైనల్ దాకా కూడా నిలవలేదు. హీట్స్‌లోనే టర్కీ అమ్మాయి 54.96 సెకన్లలో పరుగెత్తి దాన్ని దాటేసింది. మూడున్నర నెలల రికార్డు ఒక్క పరుగులో పోయింది. మరుసటి రోజు ఫైనల్ లైన్ మీద నిలబడాలి. ఆ రాత్రి ఆమె ఏం తిన్నది, నిద్ర పట్టిందా, ఎవరితో మాట్లాడింది? నాకు తెలుసుకోవాలని ఉంది. పేపర్లో అది రాదు. రావలసిన పని కూడా లేదు.

ఎందుకంటే దీప్తి బతికున్న మనిషి. నాడు వెక్కిరించిన వాళ్లు కూడా ఆ చుట్టుపక్కలే ఉండవచ్చు, వాళ్లే ఇప్పుడు పూలదండలు వేయనూ వచ్చు. వాళ్ల మధ్యే ఆమె తల్లిదండ్రులు బతకాలి. "నిన్ను ఎవరు ఏమన్నారో, అప్పుడు నీకు ఎట్లా అనిపించిందో అంతా విప్పి చెప్పు" అని అడిగే హక్కు మనకు లేదు. నవలకైతే ఆ ఇబ్బంది లేదు. పేరు మార్చుకున్న పిల్ల, లేని ఊరు. అక్కడ కోపం రాయవచ్చు, భయం రాయవచ్చు, గెలిచిన స్నేహితురాలిని చూసి లోపల పుట్టే అసూయ కూడా రాయవచ్చు. జీవిత చరిత్ర మర్యాద కోసం ఆగిపోయే చోటి నుంచి నవల మొదలవుతుంది.

ఇతర దేశాల్లో ఇలాంటి పుస్తకాలు చాలానే ఉన్నాయి. అమెరికా నల్లజాతి రచయిత జేసన్ రేనాల్డ్స్ 2016లో 'ఘోస్ట్' అనే నవల రాశాడు. సులభమైన ఇంగ్లీషు, ఇంటర్ వాళ్లు డిక్షనరీ పక్కన పెట్టుకుంటే చదివేయవచ్చు. అందులో క్యాజిల్ అనే ఏడో తరగతి కుర్రాడు ఉంటాడు. తాగిన తండ్రి ఒక రాత్రి తుపాకీ పేలిస్తే తల్లితో కలిసి ఇంట్లోంచి పరుగు తీశాడు. పరుగెత్తడం ఎట్లాగో ఆ రాత్రే తెలిసిందంటాడు. తర్వాత ఒక కోచ్ కంట పడతాడు. ఆ కోచ్ టాక్సీ నడుపుకునే మనిషి. కుర్రాడికి పరుగు బూట్లు ఉండవు. ఉన్న ఎత్తు బూట్లనే కత్తెరతో చీలమండ దగ్గర కత్తిరించి వేసుకుంటాడు. బడిలో అందరూ నవ్వుతారు. ఆ తర్వాత దుకాణంలో వెండి రంగు బూట్లు దొంగిలిస్తాడు. (మన హాస్టల్లో షూ పోయిన రోజు ఎంత గొడవ అవుతుందో తెలిసిన వాళ్లకు ఈ అధ్యాయం బాగా అర్థమవుతుంది.) చివరికి మొదటి పందెం వస్తుంది. అందరూ లైన్ మీద నిలబడతారు, తుపాకీ పేలుతుంది. అంతే, నవల అయిపోతుంది. ఎవరు గెలిచారో చెప్పడు! మొదట నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆలోచించాక, అదే సరైనదని అనిపించింది.

మన దగ్గర ఈ పని ఎక్కువగా సినిమాలే చేశాయి. 1991లో అశ్వినీ నాచప్ప స్వయంగా నటించిన 'అశ్విని' వచ్చింది. ఆ రోజుల్లో అది గొప్ప విషయం. 'ఒక్కడు'లో హీరో కబడ్డీ ఆటగాడే గాని, కథంతా హీరోయిన్‌ను కాపాడటం చుట్టూనే తిరుగుతుంది. సినిమాకు రెండున్నర గంటల్లో గెలుపు చూపించాలి, ఈలలు వేయించాలి. రోజూ తెల్లవారుజామున ఐదు గంటలకు లేవడాన్ని అది ఒక పాటలో చూపించి వదిలేస్తుంది. నవలకు మూడు వందల పేజీలు ఉన్నాయి.

ఆ పేజీల్లో ఏముండాలి? ముగ్గుపిండితో గీసిన ట్రాక్ వాన పడగానే చెరిగిపోవడం ఉండాలి. నాలుగు వందల మీటర్లలో ఆఖరి వంద వచ్చేసరికి కాళ్లు రాళ్లలా బరువెక్కడం ఉండాలి. నెలసరి రోజున మండల పోటీ పడితే ఆ సంగతి మగ పి.ఈ.టి. సారుకు ఎట్లా చెప్పాలో తెలియక కడుపునొప్పి అని అబద్ధం చెప్పిన అమ్మాయి ఉండాలి. ఇలాంటిది మన పుస్తకాల్లో ఎవరూ రాయరు. రాయకపోవడం వల్లనే పదో తరగతికి వచ్చేసరికి ఎందరో అక్కలు మైదానానికి రావడం మానేస్తారని నా గట్టి నమ్మకం. "ఇంకెన్నాళ్లు ఈ ఉరుకుడు?" అని తండాకు పోయినప్పుడల్లా అడిగే మేనమామ ఉండాలి. ఆయన దుర్మార్గుడు కాకూడదు, నిజంగా ప్రేమ ఉన్నవాడే కావాలి.

ఓటమి కూడా ఉండాలి. కల్లెడ నుంచే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వర్ధినేని ప్రణీత విలువిద్యలో వెళ్లింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. ఊరి బడిలో బాణం పట్టిన పిల్ల వ్యక్తిగత విభాగంలో మొదటి రౌండు గెలిచి, రెండో రౌండులో ఓడిపోయింది. ఒలింపిక్స్‌లో ఒక రౌండు గెలవడం అంటే మాటలు కాదు. అయినా పతకం రాలేదు కనుక మన ఉపన్యాసాల్లో ఆమె పేరు వినపడదు. పదిహేడేళ్లకే అంత దూరం వెళ్లి తిరిగి వచ్చిన అమ్మాయికి మరునాడు పొద్దున ఎట్లా ఉంటుంది? నన్నడిగితే గెలిచిన కథ కంటే ఈ కథే రాయడం కష్టం, చదవడం అవసరం.

పెద్ద రచయితలు రాసే దాకా మనం ఆగనక్కర లేదు. వచ్చే సంచికలో ఒక్కొక్కరు ఒక్కో అధ్యాయం చొప్పున గొలుసు నవల మొదలుపెడదామని నా ప్రతిపాదన. అమ్మాయిది డోర్నకల్ దగ్గరి తండా అనుకుందాం, పరుగు 400 మీటర్లు. జిల్లా మీట్‌లో నాలుగో స్థానం వచ్చి, ప్యాసింజరు కోసం స్టేషన్లో కూర్చుని ఉండగా కథ మొదలవుతుంది. పేరు మీరే పెట్టండి. అమ్మాయిలు రాయదలచుకున్న అధ్యాయాలకు సొంత పేరు వేయనక్కర లేదు. ట్రాక్ సంగతుల్లో తప్పులు పోకుండా మన పి.ఈ.టి. సారు చూసిపెడతానన్నారు.