సీపీయూ అంటే ఆ డబ్బా కాదు

పిల్లల కంప్యూటర్ చదువు గురించి కొంచెం గట్టిగానే రాస్తున్నా. పంతుళ్ళకి కోపం వస్తే రానివ్వండి.

మీ ఇంట్లో తొమ్మిదో, పదో చదివే పిల్లని పిలిచి సీపీయూ ఎక్కడుందో చూపించమనండి. చాలామంది బల్ల కింద ఉన్న నల్ల డబ్బాని చూపిస్తారు. అది క్యాబినెట్, ఉత్త రేకు పెట్టె. సీపీయూ అనేది దాని లోపల, మదర్‌బోర్డు మీద, ఫ్యాన్ కింద నక్కి ఉండే చిన్న చదరపు చిప్పు. "కంప్యూటర్‌కి మెదడు సీపీయూ" అని పరీక్షలో రాసి మార్కు తెచ్చుకున్న పిల్లే డబ్బాకి వేలు పెడుతుంది. తప్పు పిల్లది కాదు. ట్రాక్టర్ బానెట్ ఎత్తి చూపించకుండా ఇంజను గురించి నోట్సు చెప్పిస్తే ఎవరికి వస్తుందండీ?

నా అసలు గొడవ ఆ "మెదడు" అనే మాటతోనే. మెదడు అని చెప్పగానే పిల్ల దానికి ఏదో తెలుసనుకుంటుంది. దానికేం తెలియదు. ఒక ఆజ్ఞ తీసుకోవడం, కూడడం, రెండింటిని పోల్చడం, ఫలితం పక్కన పెట్టడం, ఇంకో ఆజ్ఞ తీసుకోవడం. ఇంతే పని. సెకనుకి కోట్లసార్లు చేస్తుంది కాబట్టి మనకి మాయలాగా కనిపిస్తుంది. ఆ ఆజ్ఞలు రాసింది మనిషి, దాంట్లో వివరాలు ఎక్కించింది ఇంకో మనిషి.

ఇది తెలియకపోతే ఏమవుతుందో మన రైతులకి చెప్పక్కర్లేదు. పాస్‌బుక్కులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. కౌంటర్ దగ్గరికి పోతే "సిస్టమ్ తీసుకోవట్లేదు" అంటారు. మనం దేవుడు ఒప్పుకోలేదన్నట్టు తలొంచుకుని వచ్చేస్తాం. ఎందుకు తీసుకోవట్లేదో చెప్తా వినండి. కంప్యూటర్‌కి అక్షరం తెలియదు, నంబరే తెలుసు. ఇంగ్లీషు పెద్ద ఏకి నంబరు 65, చిన్న ఏకి 97. మన తెలుగు 'అ'కి యూనికోడ్‌లో 3077. వెంకటేశ్వర్లులో మొదటి అక్షరానికి ఉన్న ఎత్వం 3142, వేంకటేశ్వర్లు అని దీర్ఘంగా రాస్తే ఏత్వం 3143. మనకి ఇద్దరూ ఒకడే, ఊళ్ళో అందరికీ తెలుసు. యంత్రానికి ఇద్దరు మనుషులు. ఇంకో వింత, మాటల మధ్య వదిలే ఖాళీకి కూడా నంబరుంది, 32. సర్వే నంబరు 112/2లో ఆ గీత 47, దాన్ని 112-2 అని కొడితే అది 45. రెండూ ఒకటేనని ముందే ఎవరైనా ప్రోగ్రాములో రాసి ఉండకపోతే కుదరదంటుంది. అక్కడ ఉన్నది ఒక వేలు నొక్కిన తప్పు, దాన్ని పట్టుకుని దిద్దించుకోవచ్చు. ఈ మాత్రం తెలిసిన పిల్ల పక్కన ఉంటే నాన్న చేత "బాబూ, ఎక్కించింది ఒకసారి చదివి వినిపించు" అని అడిగిస్తుంది. ఒక్క ముక్కతో నాలుగు తిరుగుళ్ళు తగ్గుతాయి.

మరి బళ్ళో ఏం చెప్తున్నారు? మొదటి తరం, రెండో తరం, మూడో తరం. 1946లో ఎనియాక్‌ని లోకానికి చూపించారట, దాంట్లో దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులట. మంచిదే, చరిత్ర వద్దనను. కానీ తను దాచిన ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో తెలియని పిల్లకి ట్యూబుల లెక్క దేనికి?

"ల్యాబ్ లేదండీ, ఉన్నా తాళం, తాళం తీసినా కరెంటు లేదు" అంటారు. ఒప్పుకుంటా. కానీ సగం పాఠానికి కంప్యూటరే అక్కర్లేదు. కాటా ఉంది, 1, 2, 4, 8, 16 కిలోల రాళ్ళు ఒక్కొక్కటే ఉన్నాయనుకోండి. వాటితో 1 నుంచి 31 కిలోల దాకా ఏ తూకమైనా తూచొచ్చు. 19 కిలోలు కావాలంటే 16, 2, 1 పెట్టాలి. పెట్టిన రాయికి 1, పెట్టనిదానికి 0 అని పెద్ద రాయి నుంచి రాస్తే 10011. బైనరీ అంటే ఇదే. ఇట్లాంటి ఎనిమిది గళ్ళు కలిస్తే బైట్. దీనికి ల్యాబ్ కావాలా?

ర్యామ్ అంటే కళ్ళం, హార్డ్‌డిస్క్ అంటే గాదె. పని జరిగేది కళ్ళంలో, దాచేది గాదెలో. కరెంటు పోయిందంటే కళ్ళం ఊడ్చేసినట్టే, అప్పటికి గాదెకి చేర్చిందే మిగులుతుంది. సేవ్ నొక్కమనేది అందుకే. మా ఊరి పిల్లలకి ఇట్లా చెప్తే ఒక్కసారికే పట్టుకున్నారు. సర్వర్ అంటే కూడా ఆకాశంలో ఉండేది కాదు, ఎక్కడో గదిలో ఏసీ కింద పెట్టిన ఇంకో కంప్యూటరే. "సర్వర్ డౌన్" అన్నప్పుడు నిజంగా అదే ఆగిందా, లేక మన ఊళ్ళో నెట్ లేదా అని అడగడం పిల్లకి రావాలి. పక్క ఊరి సెంటర్‌లో అదే పని అవుతుంటే సర్వర్ బాగానే ఉన్నట్టు కదా.

కొంతమంది తల్లిదండ్రులు "మావాడికి ఫోన్ అంతా వచ్చు" అని మురుస్తారు. రీల్స్ తోయడం వచ్చు. మోటారు స్విచ్ వేయడం వచ్చినవాడు మోటారు బాగుచేస్తాడా? ఇంకొందరు "ఏఐ వచ్చేసింది, ఇవన్నీ పాతబడ్డాయి" అంటున్నారు. ఆ ఏఐ నడిచేది కూడా ఈ ఒకట్లూ సున్నాల మీదే, ఈ చిప్పుల మీదే. అది అబద్ధాన్ని కూడా నమ్మకంగా చెప్తుంది. దాన్ని మెదడనుకుని పెరిగిన పిల్ల అట్లాగే నమ్ముతుంది.

ఈసారి బడి కమిటీ మీటింగుకి సంతకం పెట్టి వచ్చేయకండి. కంప్యూటర్ గది తాళం ఎవరి దగ్గరుందో అడగండి. పాడైపోయి మూల పడేసిన కంప్యూటర్ ఒకటి ఉండే ఉంటుంది, కరెంటు వైరు పీకేసి, దాని మూత విప్పి పిల్లల ముందు పెట్టమనండి. స్క్రూడ్రైవర్ లేదంటే మన ట్రాక్టర్ టూల్ బాక్సులో ఉంది, తీసుకెళ్ళండి.