ధాన్యపు కుప్పలోకి వెళ్ళిన చెయ్యి



ప్రభుత్వం ఎంతవరకు పాలించాలి, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నకు సమాధానం కోసం పండితులు సాధారణంగా ఖిలాఫత్ అధ్యాయాలు తెరుస్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఫిఖహ్ బోధిస్తున్న నాకు మాత్రం క్రయవిక్రయాల అధ్యాయాలలోనే అది తేటగా కనిపిస్తూ వచ్చింది.

మదీనాలో ఒకప్పుడు ధరలు పెరిగాయి. ప్రజలు దైవప్రవక్త (సల్లం) సన్నిధికి వచ్చి ధరలు నిర్ణయించవలసిందిగా విన్నవించుకున్నారు. ఆయన నిరాకరించారు. ధరలను నిర్ణయించేవాడు అల్లాహ్ యేనని, ఎవరి ప్రాణం విషయంలోగానీ, సొమ్ము విషయంలోగానీ తనపై ఏ ఫిర్యాదూ లేని స్థితిలో ప్రభువును కలుసుకోవాలన్నదే తన ఆశ అని సెలవిచ్చారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉంది. అడిగినవారు ఆయన అనుచరులే. వారి కష్టమూ నిజమే. అయినా ఇతరుల సొత్తు మీద అధికారం చెలాయించడానికి ఆయన వెనుకాడారు. చేతిలో అధికారం ఉండి కూడా వెనుకాడగలగడం న్యాయపాలనలో సగభాగమని నా అభిప్రాయం.

మిగతా సగం మరో హదీసులో ఉంది. ఆయన (సల్లం) బజారులో ఒక ధాన్యపు కుప్ప వద్ద ఆగి, లోపలికి చెయ్యి పోనిచ్చారు. వేళ్ళకు తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని అడిగి, మోసగించేవాడు తమవాడు కాడని స్పష్టం చేశారు. సరుకు తెచ్చే బిడారులకు దారిలోనే ఎదురేగి, బజారు ధర వారికి తెలియకముందే కొనడాన్ని నిషేధించారు. సరుకును అక్రమంగా నిల్వచేసేవాడిని పాపి అన్నారు. ధర కట్టడానికి జంకిన చెయ్యే మోసాన్ని పట్టుకోవడానికి కుప్పలోకి వెళ్ళింది!

తరువాతి విద్వాంసులు ఈ రెండింటి నడుమ హద్దు గీయడానికి ఎంతో శ్రమించారు. బాగ్దాదుకు చెందిన ఇమామ్ మావర్దీ బజారు అధికారియైన ముహ్‌తసిబ్‌కు తూనికలు, కొలతలు పరీక్షించే బాధ్యత అప్పగిస్తూనే, మూసిన తలుపుల వెనుక తప్పులు వెదికే హక్కు లేదన్నారు. 1328లో మరణించిన ఇబ్నె తైమియా మరింత సూక్ష్మంగా ఆలోచించారు. సరుకు తక్కువై లేదా కొనేవారు ఎక్కువై ధర పెరిగితే, తక్కువకు అమ్మమని బలవంతపెట్టడం అన్యాయం. జనం అవసరంలో ఉండగా సరుకు బిగబట్టి, న్యాయమైన విలువకు మించి వస్తేనే అమ్ముతామంటే, ఆ విలువకే అమ్మించడం పాలకుడి విధి.

ఇదంతా పాఠంగా చెప్పడం సులభం. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కింద ప్రభుత్వం నిల్వలపై పరిమితి విధించింది. పప్పుల వ్యాపారియైన మా మామూ ఒక సాయంత్రం నన్ను పిలిపించారు. "మౌల్వీ సాబ్, హుజూర్ ధర కట్టలేదు కదా? మరి నా గోదాముతో ఈ సర్కారుకు పనేమిటి?" అని అడిగారు. హదీసు ప్రామాణికమైనదేనని చెప్పాను. ఆయన తృప్తిపడ్డారు. నిల్వ గురించిన హదీసును నేను ఎత్తలేదు. మా మదరసా వంటశాలకు ఆ రోజుల్లో కందిపప్పు ఆయన గోదాము నుండే ఉచితంగా వచ్చేది.

ఈ సంవత్సరం 'హిదాయా' పాఠంలో ఒక విద్యార్థి అడిగాడు: "హజ్రత్, ధర కట్టకూడదంటే, దాచిపెట్టినవాడిని ఏమి చేయాలి?" జవాబు ఆ అధ్యాయంలోనే ఉంది. అతనికీ అతని కుటుంబానికీ ధారాళంగా సరిపోయేది ఉంచుకొని మిగిలినది అమ్మమని ఖాజీ ఆదేశిస్తాడు. వినకపోతే శిక్షిస్తాడు. వర్తకులు మితిమీరినప్పుడు, ప్రజల హక్కు కాపాడటానికి వేరే దారి లేకపోతే, అనుభవజ్ఞులను సంప్రదించి ధర కూడా కట్టవచ్చు. చదివి వినిపించాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆదివారం మామూ ఇంటికి వెళ్ళాను. ఆయనకిప్పుడు చూపు మందగించింది, వ్యాపారం కొడుకులు చూస్తున్నారు. ఆనాటి ప్రశ్నకు సగం జవాబే చెప్పానని ఒప్పుకొని, మిగతా సగం వినిపించాను. చాలాసేపు ఆయన మాట్లాడలేదు.

"అప్పుడే చెప్పి ఉంటే వినేవాణ్ణో లేదో తెలియదు. కానీ నువ్వు చెప్పవలసింది, బేటా" అన్నారు.

తరువాత పెద్దకొడుకును పిలిచి, గోదాములో ఇప్పుడు ఏమేమి ఉన్నాయో లెక్క తెమ్మన్నారు.