ఉల్లి మేలు ఎవరికి?

“ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదు” అన్న మహానుభావుడెవరో గానీ, జన్మలో ఒక్క ఉల్లిపాయ తరిగి ఉండడు. తరిగిన తల్లి కళ్ళు తుడుచుకుంటూ వడ్డిస్తే సుష్ఠుగా తిని, మెప్పు మాత్రం ఉల్లికిచ్చి పోయాడు!

నాకింత కోపం ఎందుకొచ్చిందో చెబుతాను. ఆమధ్య మే నెలలో మావారు చోడవరం నుంచి గోవాడ వైపున్న చెరకు తోటకి బయల్దేరారు. నేను మజ్జిగ సీసా, గొడుగూ అందించాను. మా అత్తగారు ఓ ఉల్లిపాయ తెచ్చి ఆయన జేబులో పడేసి, “ఇదుంటే వడదెబ్బ దరికి రాదు. ఆడపిల్లలా గొడుగెందుకురా?” అన్నారు. గొడుగు గుమ్మంలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం 2 గంటలకి ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, మాట తడబడుతోంది. అరికాళ్ళకి ఉల్లిరసం రాయమంటారు అత్తగారు. నేను వినలేదు. బిందెడు నీళ్ళు ఒంటిమీద గుమ్మరించి, తడిగుడ్డ కప్పి, విసురుతూ ఆటోలో ఆస్పత్రికి చేర్చాను. ఒంటి వేడి 104 డిగ్రీలకి చేరి తెలివి తప్పుతోందంటే ప్రతి నిమిషమూ ప్రాణంతో సమానం. ఉల్లి తరుగుతూ కూర్చునే వేళ కాదది.

మూడోనాడు ఇంటికొచ్చారు. చూడవచ్చిన వాళ్ళందరితో అత్తగారు అన్న మాట ఏమిటనుకున్నారు? “జేబులో ఉల్లిపాయ ఉండబట్టి బతికాడమ్మా!”

పాపం, ఉల్లిమీద నాకు పగ లేదు. 100 గ్రాముల పచ్చి ఉల్లిలో ముప్పాతిక పైగా నీళ్ళే. సుమారు 40 కేలరీలు, 7 మిల్లీగ్రాముల సి విటమిను, కాస్త పీచు. ఆ పీచు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకి తిండి. క్వెర్సెటిన్ అనే మేలైన పదార్థం పై పొరల్లోనే ఎక్కువ. అందుకని రెండేసి పొరలు ఒలిచి పారెయ్యకండి. ఉడికిస్తే కొంత నీళ్ళలోకి దిగుతుంది గనక ఆ నీళ్ళు వంపెయ్యకుండా పులుసు పెట్టుకోండి. కడుపుబ్బరం ఉన్నవాళ్ళు మాత్రం తగ్గించుకోవాలి. ఇంతకీ అది మంచి కూరగాయ. చక్కెర జబ్బు మాత్రలు మానేసి రసం తాగడానికి అదేం సంజీవని కాదు.

చోడి అంబలిలో ఉల్లిపాయ నంజుకుని పొలానికెళ్ళే మా వైపు ఆడవాళ్ళు దాన్ని మందనలేదు, మాయ అనలేదు. హాయిగా తిన్నారు. మనమో? కంచాల పక్కన చక్రాల్లా కోసి అందరికీ పెడతాం. చివర మనం కూర్చునే వేళకి పళ్ళెంలో నిమ్మచెక్క మిగులుతుంది!

ఉల్లి మేలు చేస్తుంది, కాదనను. తిన్నవాళ్ళకి చేస్తుంది. జేబులో వేసుకున్నవాళ్ళకీ చెయ్యదు, ఊరికే తరిగిపెట్టిన వాళ్ళకీ చెయ్యదు. అందుకని అక్కల్లారా, రేపు ఉల్లిపాయ కోసేటప్పుడు మొదటి నాలుగు ముక్కలూ మీ కంచంలో వేసుకోండి. ఎవరైనా ఆ సామెత ఎత్తితే, ముందు కత్తిపీట వాళ్ళ చేతికివ్వండి.