పాత చింతకాయపచ్చడియు పాత ద్రాక్షాసవమును



పదిమార్లు విన్న ముచ్చటనుగాని, కాలము చెల్లిన యాలోచననుగాని "పాత చింతకాయపచ్చడి" యని యెగతాళి చేయుట మనవారి కలవాటు. ఈ మాటను మొదట పుట్టించినవా రెవ్వరో కాని, వారు ఆ పచ్చడిని రుచి చూచినవారు కారని నా నమ్మకము. వంటయిల్లెరిగిన స్త్రీ యీ మాట ననజాలదు.

పాతబడిన కొలది విలువ హెచ్చు వస్తువులు లోకమున కొన్ని కలవు. 2018 అక్టోబరు నెలలో న్యూయార్కు నగరమున సోత్‌బీ వారి వేలములో నొక్క సీసా యెఱ్ఱని ద్రాక్షాసవము 5,58,000 డాలర్లకు పోయినది. మన లెక్కలో నది నాలుగు కోట్ల రూపాయల మాట. ఫ్రాన్సు దేశమున బుర్గుండీ సీమలో రొమానీ కోంటీ యను తోట కలదు. 1760లో కోంటీ ప్రభువు దానిని కొనుటచే నా పేరు వచ్చినది. ఆ సీసా యచ్చటి 1945వ సంవత్సరపు పంట. తోట యంతయు నాలుగున్నర యెకరములు మాత్రమే. ఆ యేడు వచ్చినవి సుమారు 600 సీసాలు. వేళ్ళకు పురుగు పట్టుటచే, ఆ పంట కోసిన పిమ్మట ముదితీగల నన్నిటిని పెఱికివేసి క్రొత్తవానిని నాటిరి. కావున నా తీగల రసము మరల పుట్టదు. ఉన్న సీసాలే యున్నవి. నాలుగున్నర యెకరములలో ప్రత్తి వేసి అప్పు తీరక తలపట్టుకొను మన రైతు ఈ వార్త విన్నచో నవ్వునో, నిట్టూర్చునో!

ద్రాక్షాసవమును మీ యిండ్లకు తెమ్మని చెప్పుటకు దీని నెత్తికొనలేదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాయంగడిని మూయించుటయు, ఆ యుద్యమము ఊరూర ప్రాకి మరుసటి యేట సారా నిషేధము వచ్చుటయు మరచినవారము కాము. ఐనను విదేశపు పానము మన నేలకు వింత కాదు. పలనాట నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజుల నగరున్నచోట దొరకిన శిల్పములలో, కొమ్మువంటి పానపాత్రను చేతబట్టిన గడ్డపు పరదేశి ప్రతిమ యొకటి కలదు. గ్రీకుల మధుదేవతను పోలియున్నదని పండితు లనిరి. ఆ లోయ సాగరుజలాశయములో మునిగినను, త్రవ్వితీసిన శిల్పములు ద్వీపముమీది ప్రదర్శనశాలలో భద్రముగ నున్నవి. పిల్లలను తీసికొనిపోయి చూపదగినవి.

ఇక నాకు ముఖ్యమనిపించిన సంగతి. ద్రాక్షరసము నేండ్లతరబడి నిలుపువానిలో ముఖ్యమైనది దాని యామ్లము. దానికి టార్టారిక్ ఆమ్లమని పేరు. 1769లో షీలే యను స్వీడను దేశపు రసాయనజ్ఞుడు, ద్రాక్షాసవపు పీపాల లోపల గట్టిపడిన మష్టునుండి దానిని వేరుచేసెను. పండ్లలో సాధారణముగ నుండు ఆమ్లములు వేరు. మామిడిలోనిది వేరు, నిమ్మలోనిది వేరు. ఈ టార్టారిక్ ఆమ్లము సమృద్ధిగ నుండు పండ్లు బహుస్వల్పము. వానిలో నొకటి ద్రాక్ష. రెండవది మన చింత! మామిడికాయ పండినచో పులుపు విరిగి తీపి యగును. చింతకాయ యెంత పండినను, తీపి చేరునేకాని, పులుపు విడువదు. ఈ యామ్లమును సూక్ష్మజీవులు సులభముగ హరింపలేవు. ఫ్రాన్సు ప్రభువుల నేలమాళిగలోని సీసాను, మన అటకమీది జాడీని కాచుచున్న ద్వారపాలకు డొక్కడే యన్నమాట. సీసాకు తోడు సారము, జాడీకి తోడు ఉప్పు.

వైద్యగ్రంథములలో శార్ఙ్గధరసంహిత యీ విషయమున స్పష్టముగ విభాగము చేసినది. చూర్ణములు రెండు మాసములకు వీర్యము కోల్పోవుననియు, మాత్రలు, లేహ్యములు ఏడాది నిలుచుననియు, ఆసవములు మాత్రము ప్రాతవియే గుణవంతములనియు అందు చెప్పబడినది. సుశ్రుతుడు పదునొకండేండ్లు మొదలు నూరేండ్ల వరకు నిలిచిన నేతికి కుంభఘృత మని ప్రత్యేకముగ పేరు పెట్టెను. అనగా ప్రాతవన్నియు మంచివని పెద్దలు భ్రమపడలేదు. దేనికి కాలము బలమో, దేనికి కాలము శత్రువో యెరిగియుండిరి. ఫ్రాన్సులోను అంతే. అచ్చటి ద్రాక్షాసవములలో హెచ్చుభాగము కొలది యేండ్లలో త్రాగివేయవలసినవే. ఎక్కువకాలము నిలువదగినవి కొన్నియే.

ఈ వివేకము మన యవ్వలకు వంటింట నెట్లు తెలిసెనో చూడుడు. చింతతొక్కును జాడీ కెత్తునప్పుడు వారు అందు మిరపకాయ వేయరు. గుంటూరు మిరప యెంత పేరుపొందినదైనను ఏడాది దాటునప్పటికి ఎఱుపు వెలిసి తాలువలె నగును; అందులకే గుంటూరి చుట్టును అన్ని శీతలగిడ్డంగులు. కావున నిలుచుదానిని నిలువనిదానితో కలుపక, తొక్కును ఒంటరిగ నుంచి, వలసినప్పుడు వలసినంత తీసి అప్పటి మిరపకాయతో నూరుదురు. మిరప మన దేశమునకు వచ్చినది పోర్చుగీసువారి రాకతరువాతనే. చింత యంతకు ఎంతో పూర్వమే యిచ్చట నున్నది. నిన్న వచ్చిన చుట్టమునకు పాతకాపు జాడీలో చోటీయకుండుట న్యాయమే గదా!

పెట్టు విధానము మీ రెరుగనిది కాదు గాని, యేండ్లు నిలువవలె నన్నచో కొన్ని జాగ్రత్తలు కలవు. మార్గశీర పుష్యములలో, కండపట్టి గింజ యింకను ముదరని కాయను చెట్టునుండి కోయింపవలెను, నేలరాలినది పనికిరాదు. కడిగి, తడి పూర్తిగ నారువరకు గుడ్డమీద పరువవలెను. కిలో కాయకు 200 గ్రాముల కల్లుప్పు, చెంచెడు పసుపు వేసి రోటిలో కచ్చాపచ్చాగ దంచి జాడీ కెత్తి, మూడవనాడు తీసి గింజలు, ఈనెలు ఏరి, మరల మెత్తగ దంచవలెను. మాకు చినగంజాము ఉప్పు దొరకును. జాడీలో గాలి చొరకుండ అణచి నింపి, వాసెనగుడ్డ కట్టి, ఎండ తగులనిచోట నుంచవలెను. పింగాణిజాడీగాని గాజుసీసాగాని తగును. ఇత్తడి, రాగి, అల్యూమినియము పాత్రలను ఈ పులుపు తినివేసి, ఆ లోహమును పచ్చడిలోనికి దింపును; వానిలో నొక్కరాత్రియు నుంచరాదు.

రుచి యేడేటికి మారును. మొదటి సంవత్సరము రంగు లేత గోధుమవన్నె. పులుపు నాలుకను కోయును, ఉప్పు వేరుగ తెలియును. రెండవ యేట ముదురువన్నె వచ్చి ఉప్పును పులుపును స్నేహము కలుపుకొనును. మూడవయేడు దాటినపిమ్మట ఎఱుపు కలిసిన నలుపు. అప్పుడు వాసన చూచినచో పచ్చికాయ వాసన బొత్తిగ నుండదు. బెల్లపుపాకమును, పాత చెక్కపెట్టెను జ్ఞప్తికి తెచ్చు నొక పరిమళ ముండును. ద్రాక్షాసవమును పరీక్షించువారు మొదట వన్నెను, పిదప వాసనను, తుదకు కొలదిగ నాలుకపై నుంచి రుచిని చూతురట. మా యత్తగారును పొడి చెంచాతో సెనగగింజంత తీసి, వెలుతురున చూచి, ముక్కుదగ్గర నుంచుకొని, అటుపిమ్మట నాలుకకు తగిలింతురు. ఆమెకు ఫ్రాన్సు విద్య యెవ్వరును నేర్పలేదు. జ్వరము విడిచి నోరు చవిచచ్చిన మా యింటివారు, రెండు దినములు అన్నము త్రోసివేసి, మూడవనాడు ఈ పచ్చడిని ఇంగువపోపుతో నూరి పెట్టగా పళ్ళెము ఖాళీచేసిరి. బాలింతలకును దీనినే పథ్యముగ పెట్టుట మన యాచారము.

అట్లని ప్రతి ప్రాతజాడీయు అమృతము కాదు. పైన బూజు కనబడినచో, పైపొర తీసివేసి మిగిలినది తినవచ్చునను మాట నమ్మకుడు; బూజు విషము కంటికి కనబడక లోనికి దిగును. మొత్తము పారవేయుడు. రక్తపుపోటు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి ఇంత ఉప్పు కూడదు. బాలింతకైనను పోటు కలదేమో వైద్యుని అడిగి పెట్టుడు.

ఈ నడుమ మాకు తెలిసిన యొక యింట, అత్తగారు గతించిన మాసములోపలనే, ఆమె యేడేండ్లు కాపాడిన జాడీని కోడలు పెరటిలో గ్రుమ్మరించినది. ఆ పిల్ల చెడ్డది కాదు. అందున్న దేమో, యెన్నేండ్లదో ఆమెకు చెప్పినవారు లేరు. జాడీమీద నొక అక్షరమైనను లేదు. నల్లగ నున్నది గనుక చెడినదనుకొన్నది. ఆ చింతకాయ కోసిన చెట్టును బాట వెడల్పు చేయుటలో నంతకుముందే నరికివేసిరి. ఆ పచ్చడి మరల రాదు. పరదేశపు సీసాపై తోటపేరు, సంవత్సరము ముద్రింపబడియుండుటచే డెబ్బదిమూడేండ్ల పిమ్మటను ఎవ్వరో పోల్చుకొనిరి. మన జాడీ మూగది.

కావున ఈ మార్గశీరమున మీరు జాడీ కెత్తునప్పుడు చీటి యొకటి వ్రాసి వాసెనత్రాటికి కట్టుడు. ఏ చెట్టు కాయ, ఏ మాసము, ఉప్పెంత, ఎవరు దంచిరి. ఈ నాలుగును చాలును. కాగితము చివుకును గనుక తాటాకుముక్కపై వ్రాసిన మరియు మేలు. మీ యింట నిదివరకే చీటిలేని జాడీ యున్నచో, దాని నెరిగిన పెద్దావిడ యుండగనే అడిగి వ్రాసికొనుడు. కూతునకో, కోడలికో పంచియిచ్చునప్పుడు పచ్చడితోబాటు చీటికిని నకలు తీసి యిండు. మా జాడీమీద నున్న దిది: "శోభకృతు, మార్గశీరము. చెరువుగట్టు చెట్టు. పది కిలోలకు రెండు కిలోల ఉప్పు. అత్తగారును నేనును దంచితిమి."