పాత గ్రంథములను ఒక్క బిట్టులో బంధింపకుడు

పాత తెలుగు గ్రంథములను స్కాన్ చేయించు సందర్భములలో ‘ఎన్ని డీపీఐ?’ యను ప్రశ్న తఱచుగా వినవచ్చును, ‘ఎన్ని బిట్లు?’ అని యడుగువారు అరుదు. మొదటిది పుట అంగుళమునకు ఎన్ని చుక్కలుగా విభక్తమగునో తెలుపును. రెండవది ఆ చుక్క యొక్కొక్కటి ఎన్ని ఛాయలలో నొకదానిని ధరింపగలదో నిర్ణయించును. ఒక్క బిట్టు గల చుక్కకు నలుపు తెలుపులు తప్ప గత్యంతరము లేదు. ఎనిమిది బిట్లకు 256 ఛాయలు. ఎఱుపు, ఆకుపచ్చ, నీలములకు ఎనిమిదేసి చొప్పున 24 బిట్లున్నచో 1,67,77,216 రంగులు.

ఒక్క బిట్టు స్కానింగున యంత్రము ఒక హద్దు నేర్పఱచుకొని, దానికంటె ముదురైన దానినెల్ల నలుపుగను, లేతయైన దానినెల్ల తెలుపుగను తేల్చివేయును. సిరా వెలసిన చోట ధకారము క్రింది గీత మాయమై ‘ధనము’ ‘దనము’గా మిగులును, థకారము నడిమి చుక్క పోయినచో అది ధకారమే యగును, చెమ్మ తగిలిన చోట అక్షరమును మరకయు నేకముగ నల్లబడి పంక్తి యంతయు చదువరాకుండ పోవును. చుక్కలెంత సన్ననివైనను ఈ నష్టము పూడదు. అదే పుటను రంగులలో తీసియున్నచో, గోధుమవన్నె మరకకును నల్లని సిరాకును గల భేదము ఫైలులో నిలిచియుండును గనుక, నేడు కాకున్న రేపైనను ఆ రెంటిని విడదీయవచ్చును. ఒక్క బిట్టు ఫైలును 24 బిట్లకు మార్చి దాచినను దాని పరిమాణము పెరుగునే కాని, పోయిన ఛాయ ఒక్కటియు మరలి రాదు.

ఘంటముతో గీసి మసి పూసిన తాళపత్రముల సంగతి మఱింత సున్నితము. మసి రాలిన పిదప అక్షరము ఆకు రంగులోనే యడగియుండును గావున, అచ్చట రంగునకు 16 బిట్లు, అనగా 65,536 మెట్లు, కోరుట దుబారా యనజాలము.

డిస్కులు ప్రియమైన దినములలో పొదుపునకు అర్థముండెడిది. ఏ4 పుటను 300 డీపీఐలో తీసినచో చుక్కలు సుమారు 87 లక్షలు. కుదింపు లేకుండ ఒక్క బిట్టున అది 1 ఎంబీ, 24 బిట్లలో 26 ఎంబీ. 300 పుటల గ్రంథమునకు 8 జీబీ చాలును. నేడు సామాన్యమైన పెన్‌డ్రైవులో ఇట్టివి అనేకము లిముడును.

కావున గ్రంథాలయాధికారులును, ఇట్టి కార్యములకు ధనమిచ్చు దాతలును, స్కానింగు ఒప్పందములో ‘24 బిట్ల టిఫ్ మూలప్రతి’ యను మాటను తప్పక వ్రాయింపవలెను. చదువరులకు కావలసిన చిన్న పీడీఎఫులను దానినుండియే చేసికొనవచ్చును. ఇదివఱకే నలుపు తెలుపులలో తీసిన గ్రంథము మీ బీరువాలో ఇంకను చివుకకుండ నున్నచో, దానిని మరల తీయింపుడు.