వందేళ్ళ చింతచెట్టు = 30 సిలిండర్లు

మాదాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఏ రోడ్డు పట్టుకున్నా ఇప్పుడు ఒక బోర్డు కనబడుతోంది: కట్టెల పొయ్యి బిర్యానీ. పక్కన ఒక మట్టికుండ బొమ్మ, కింద మంట బొమ్మ. శుక్రవారం వస్తే మన సాఫ్టువేరు జనమంతా అక్కడే. నేనూ తిన్నాను, బాగుంది, అబద్ధమెందుకు. కాకపోతే నాకు పల్లెటూరి బుద్ధి కదా, తింటున్నంతసేపూ ఒకటే సందేహం. ఇది ఏం కట్టె? సర్వర్ కుర్రాణ్ణి అడిగితే "కట్టెనే సార్" అన్నాడు. చెయ్యి కడుక్కునే వంకతో వెనక్కి వెళ్ళి చూశాను. చింత, వేప. సన్న కొమ్మలు కాదు, పెద్ద మాను మొద్దుల్ని చీల్చిన పేళ్ళు.

ఆ పేళ్ళు ఎట్లా తయారవుతాయో మనలో చాలామందికి తెలీదు. మొన్న వేసవిలో మా పిన్ని వాళ్ళ ఊళ్ళో (గురజాల వైపు) దగ్గరుండి చూశాను. వాళ్ళ దొడ్లో చింతచెట్టు కొట్టారు. కొత్త ఇల్లు కడుతున్నారు, ఈశాన్యంలో బరువు ఉండకూడదని వాస్తు పంతులు తేల్చేశాడు. ఆ పంతులి తాత పుట్టకముందు నుంచీ చెట్టు అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో అందరూ బతికారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, అప్పులు తీర్చారు. సరే, వాస్తుతో వాదించి గెలిచినవాడు లేడు.

చుట్టుకొలత 13 అడుగులు. నేనే టేపు పెట్టి కొలిచాను. అంటే అడ్డంగా నాలుగు అడుగుల పైమాటే. పనివాళ్ళు ఐదుగురు వచ్చారు, కోత మిషనుతో. మిషను బ్లేడు పొడుగు 22 అంగుళాలు, మాను అడ్డం 50 అంగుళాలు. ఇక్కడే తెలిసిపోతుంది కథ. ఒక పక్క నుంచి కోస్తే సగానికి కూడా రాదు. చుట్టూ తిరుగుతూ కొయ్యాలి. కోస్తుంటే మాను బరువుకి గాటు మూసుకుపోయి బ్లేడు ఇరుక్కుంటుంది. అందుకని గాట్లో చీలలు కొడుతూ పోతారు.

ముందు పై కొమ్మలు తీశారు, మోకులు కట్టి, ఒక్కొక్కటీ కిందికి దించుతూ. పెద్ద కొమ్మ మీద బరువు ఎటు లాగుతోందో చూసుకోకుండా కోస్తే అది చీలి వెనక్కి తంతుందట. తరవాత మాను. పడాల్సిన వైపు మూరెడు లోతున గాటు పెట్టి, ఎదురు వైపు నుంచి కొంచెం ఎత్తున కోసుకుంటూ వచ్చారు. మధ్యలో బెత్తెడు కలప వదిలేశారు. తలుపుకి మడతబందు లాగా అదే చెట్టుని అనుకున్న వైపుకి వంచుతుంది. అది కూడా కోసేస్తే చెట్టు దాని ఇష్టం, మన ఇష్టం కాదు.

పడెయ్యటం సగం రోజు. అసలు పని ఆ తరవాత. అడుగున్నర మందాన మొద్దులు కోశారు. ఒక్కో మొద్దు అర టన్ను ఉంటుంది, నలుగురు కలిసి దొర్లించాలి. దాన్ని చీల్చటం చూస్తే గానీ నమ్మలేం. నాలాంటివాడైతే నడిమధ్యన చీల పెట్టి సమ్మెటతో బాదుతాడు. మేస్త్రీని అదే అడిగాను, మధ్యలోంచి రెండు ముక్కలు చేస్తే సులువు కదా అని.

"మధ్యన కొట్టమాక బాబూ, చీల మింగేసిద్ది. అంచు నుంచి రావాల. పనసకాయ వలిచినట్టు."

అట్లాగే చేశారు. ముందు అంచుల నుంచి చెక్కలు లేపారు. ఎండకి మొద్దు మీద నడిమి నుంచి బయటికి పగుళ్ళు వస్తాయి, ఆ పగులు వెంబడే చీల. మొదటిది బిగుసుకుపోతే ముందున్న పగుల్లో రెండోది. రెండోది దిగుతుంటే మొదటిది వదులవుతుంది. కొమ్మ చీలిన పంగ దగ్గర మొద్దుల్ని మాత్రం పక్కన పడేశారు. అక్కడ నార ఒకదాన్లోకి ఒకటి అల్లుకుని ఉంటుంది, రోజంతా బాదినా విడదు. చింతకి మామూలుగానే నార తిన్నగా ఉండదు. అందుకే మాంసం దుకాణాల్లో కొట్టే మొద్దు చింతమొద్దే అయ్యుంటుంది. కత్తి దెబ్బకి విడిపోదు. పొయ్యిలో పెట్టటానికి అంత కష్టమైన కలప ఇంకో పనికి అంత గొప్ప కలప అన్నమాట. ఇది తెలిసిన మనిషి ఆ మొద్దుని కట్టెల రేటుకి అమ్మడు. మా వాళ్ళు అమ్మారు.

ఎవరి వయసెంతో చూద్దామని ఉంగరాలు లెక్కబెట్టబోయాను. చింతకి అవి స్పష్టంగా కనపడవు. మా బాబాయి వాళ్ళ తాత నాటించాడని ఇంట్లో చెప్పుకునే లెక్క. వందకి అటూ ఇటూ వేసుకోండి.

ఇప్పుడు మన వృత్తి ధర్మం ప్రకారం కొంచెం లెక్క చేద్దాం. ఎండిన తరవాత ఆ చెట్టు మొత్తం 6 టన్నుల కట్టె అనుకుందాం. మాను ఒక్కటే మూడున్నర టన్నులు తేలుతోంది, కాబట్టి ఇది మరీ అన్యాయపు అంచనా కాదు. ఎండు కట్టె కిలోకి దాదాపు 16 మెగాజౌళ్ళ వేడి ఇస్తుంది. మన మామూలు మూడు రాళ్ళ పొయ్యిలో అందులో పదో వంతు, మహా అయితే ఎనిమిదో వంతు గిన్నెకి అందుతుంది, మిగతాది గోడకి, ఆకాశానికి, వండే ఆవిడ కళ్ళకి. గ్యాసు కిలోకి 46 మెగాజౌళ్ళు, స్టవ్వు మీద అందులో 60 శాతం గిన్నెకి. 14.2 కిలోల సిలిండరు చేసే పని చెయ్యాలంటే 200 కిలోల కట్టె కావాలి. 6 టన్నులంటే 30 సిలిండర్లు. నెలకొకటి వాడే ఇంట్లో రెండున్నరేళ్ళు. హోటలు వాళ్ళ బట్టీ ఇంకొంచెం మెరుగు, రెట్టింపు వేసుకున్నా 60.

వందేళ్ళు పెరిగింది రెండున్నరేళ్ళ గ్యాసు. ఈ లెక్క చెప్తే మా బాబాయి కాసేపు మాట్లాడలేదు. తరవాత "ఎప్పుడైనా చెట్టుని కాటా మీదేగా తూచేది" అన్నాడు. ఆయన తప్పేం లేదు, నిజంగానే కాటా మీదే తూస్తారు. నా గొడవంతా ఆ కాటాతోనే.

కాటా ఎట్లా పనిచేస్తుందో చూడండి. బేరగాడు టన్ను లెక్కన కొంటాడు. పచ్చి కట్టెలో సగం దాకా నీళ్ళే కాబట్టి అమ్మేవాడికి కొట్టిన రోజే తూకం వెయ్యాలని తొందర. ఆరబెట్టి, వేరు చేసి, మానుని కోత మిల్లుకి, పంగల్ని రోళ్ళకి, మొద్దుల్ని మాంసం దుకాణానికి, కొమ్మల్ని పొయ్యికి అని విడదీసే ఓపిక ఎవరికీ ఉండదు. మొత్తం ఒకే రేటు. చేవ తేలిన మానూ అంతే, చిటికెన వేలంత పుల్లా అంతే. కాయ సంగతి ఎవరూ ఎత్తరు. బాగా కాసే పెద్ద చింత ఏడాదికి 150 కిలోల పైనే కాయ ఇస్తుంది. అది ఏటా వచ్చేది, కట్టె ఒక్కసారి వచ్చేది. మనం ఫిక్సెడ్ డిపాజిట్టు మధ్యలో తీస్తే ఎంత వడ్డీ పోతుందో నాలుగు సైట్లు చూసే జనం. ఈ లెక్క మాత్రం ఊళ్ళో వాళ్ళకి వదిలేస్తాం.

చట్టం లేదా అంటే ఉంది. వాల్టా చట్టం 2002లో వచ్చింది, అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. ఊళ్ళో దాన్ని పట్టించుకునేది తక్కువ. పట్టించుకున్న చోట ఇంకో తంటా: అనుమతికి తిరగలేక "అసలు చెట్టే పెరగనివ్వకపోతే గొడవే ఉండదు" అనుకునే రైతుల్ని నేను చూశాను. గట్టు మీద మొలిచిన వేప మొక్కని మోకాలెత్తులోనే పీకేస్తారు. మిరప మీద నీడ పడకూడదు అనేది పైకి చెప్పే కారణం, అదీ నిజమే అనుకోండి.

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి చెట్ల గురించి మనమందరం రాసుకున్నాం, పంచుకున్నాం. సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న ఆపింది, సంతోషించాం. చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్ల కోసం కొందరు ఏళ్ళ తరబడి గ్రీన్ ట్రిబ్యునల్ చుట్టూ తిరిగారు. అవి మన ఆఫీసు దారిలో ఉన్న చెట్లు. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డుని నాలుగు వరసలు చేసినప్పుడు దాచేపల్లి, పిడుగురాళ్ళ మీదుగా వెళ్ళేవాళ్ళం మనలో ఎంతమందిమి లేం? నీడ పోయిందని ఒక్కరం రాశామా? దారి తొందరగా వస్తోందని మాత్రం రాశాం. ఇది ఎత్తిపొడుపు కాదు, నేనూ ఆ రోడ్డు మీద గంట కలిసొచ్చిందని మురిసినవాణ్ణే. 1908 మూసీ వరదలో నూటయాభై మంది ఎక్కి ప్రాణాలు కాపాడుకున్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, దానికి పేరుంది. మా పిన్ని వాళ్ళ చెట్టుకి పేరు లేదు, అంతే తేడా.

కట్టెలంటే పల్నాడుకి కొత్త సంగతి కూడా కాదు. అడవిలో పశువుల్ని మేపుకున్నా, పుల్లలు ఏరుకున్నా తెల్లవాడికి పుల్లరి కట్టాలంటే, కట్టం అని లేచిన నేల ఇది. మించాలపాడు కన్నెగంటి హనుమంతుని 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపింది ఆ గొడవలోనే. ఆ పేదవాళ్ళు పోట్లాడింది పొయ్యిలోకి పుల్లల కోసం, చేతికందే ఎండు కట్టె కోసం. నాలుగడుగుల మాను ఏ పేదింటి పొయ్యిలోకీ పోదు, చీల్చే కూలి వాళ్ళు పెట్టుకోలేరు. అది పోయేది అడితికి, అడితి నుంచి హోటలుకి. కాబట్టి "పల్లెల్లో కట్టెలు లేకపోతే వంటెట్లా" అనే వాదన ఇక్కడ అతకదు. 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల, 2024 నవంబరు నుంచి ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు. ఇవన్నీ వచ్చాక కూడా మా వైపు ఆడవాళ్ళు నీళ్ళు కాచుకునేది పత్తి కట్టెతోనే, కంది కంపతోనే. అవి ఏటా చేలో ఉట్టినే వస్తాయి. పైగా పత్తి కట్టె చేలో వదిలేస్తే గులాబీ రంగు పురుగు వచ్చే ఏటికి దాక్కుంటుంది, తీసెయ్యమని వ్యవసాయ శాఖ వాళ్ళే చెప్తారు. సగంమంది చేలోనే తగలబెడుతున్నారు. ఇక సర్కారు తుమ్మ, కాలవ గట్ల మీద ఎంత కొడితే అంత చిగురిస్తుంది, మంట కూడా మహా గట్టి మంట. హోటళ్ళకి కట్టె కావాలంటే అది కొట్టుకోమనండి, ఊరికి ఉపకారం.

ఇంకో మాట. ఆ ఐదుగురిలో ఒక్కడికీ హెల్మెట్ లేదు. కాళ్ళకి హవాయి చెప్పులు. ఇనప చీల తల బాదీ బాదీ పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, దాని అంచు ముక్క విరిగి తూటాలాగా లేస్తుంది. ఒక కుర్రాడి చెంప మీద అట్లాంటి మచ్చే ఉంది, కంటికి అంగుళం కింద. అడిగితే నవ్వాడు. అమెరికాలో మా క్లాస్‌మేటు ఒకడు పెరట్లో చెట్టు తీయించాలంటే ముందు వచ్చేవాళ్ళ ఇన్సూరెన్సు కాగితం చూస్తాడు. మన దగ్గర దెబ్బ తగిలితే బేరగాడు "నాకు తెలీదు, వాళ్ళు మేస్త్రీ మనుషులు" అంటాడు, ఇంటాయన "నాకు తెలీదు, బేరగాడి మనుషులు" అంటాడు. రెండో రోజు నరసరావుపేట నుంచి కళ్ళద్దాలు నాలుగు తెప్పించి ఇచ్చాను. మేస్త్రీ ఒక పూట పెట్టుకుని, చెమటకి కనపడటం లేదని జేబులో వేసుకున్నాడు. ఆ మాటా నిజమే, మే నెలలో మాచర్ల ఎండ తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. చీల తలని సానరాయి మీద పట్టి అంచులు తీసెయ్యటం మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు, చేశాడు కూడా.

మనలో చాలామంది డబ్బుతోనే ఊళ్ళో ఇళ్ళు లేస్తున్నాయి. కాబట్టి ఈ బేరాల్లో మన మాట చెల్లుతుంది, మనకి తెలీదు గానీ. ఈసారి నాన్నగారు ఫోను చేసి "చెట్టు అడ్డంగా ఉంది, బేరగాడొచ్చాడు" అంటే మూడు సంగతులు అడగండి. ఏటా కాయ ఎంత దిగుతోంది? అడ్డం వచ్చేది చెట్టంతానా, రెండు కొమ్మలా? అనుమతికి ఎవరు పెట్టారు? ఇవన్నీ అయ్యాక కూడా కొట్టక తప్పదంటే, మానుని మినహాయించి కొమ్మల వరకే బేరం చెయ్యమనండి. మాను దొడ్లో ఓ మూల పడి ఉంటే తినేదేం లేదు, ఆరేలోపు కోత మిల్లు వాడితోనో, మాంసం దుకాణం వాడితోనో మాట్లాడుకోవచ్చు. బేరగాడు ముందు కుదరదంటాడు, బండి కిరాయి కూడా రాదంటాడు. కొమ్మలే రెండు టన్నుల పైన ఉంటాయి, వస్తాడు. వాడు రాకపోతే పిడుగురాళ్ళ నుంచి ఇంకొకడొస్తాడు.