సరుకు మోసే కాలువ

జర్మనీ కాలువల మీద విహారానికి వెళ్ళివచ్చినవారిలో కొందరు పెదవి విరుస్తారు. గీత గీసినట్టున్న నీరు, గట్టుల వెంట ఉక్కు పలకల గోడలు, ఒకే అచ్చులో పోసిన వంతెనలు, అంతకు మించి చూడదగినదేమీ లేదంటారు. ఒక మిత్రుని పడవలో మిండెన్ నుండి హానోవర్ దిశగా మిట్టెల్‌లాండ్ కాలువ మీద ఒక పగలంతా ప్రయాణించిన మీదట, ఆ మాటతో ఏకీభవించడం నాకు సాధ్యం కావడం లేదు.

మేమెక్కినది ఇంగ్లండులో కట్టిన నారోబోట్. వెడల్పు రెండు మీటర్లకు కాస్త ఎక్కువ, పొడవు ఇరవై మీటర్లకు కాస్త తక్కువ. ఈ విచిత్రమైన కొలతకు కారణం ఉంది. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు 1766లో మొదలైన ట్రెంట్-మెర్సీ కాలువ మీద ఇరుకు లాకులను ఏడడుగుల వెడల్పుతో కట్టించాడు. పడవలు ఆ లాకులకు తగినట్టు తయారయ్యాయి. మధ్య ఇంగ్లండులోని ఎన్నో కాలువలు నేటికీ ఆ కొలతలోనే ఉండిపోయాయి.

మిట్టెల్‌లాండ్ కాలువ కథ వేరు. 1906లో తవ్వకం మొదలై 1938 నాటికి మాగ్డెబుర్గ్ దగ్గర ఎల్బే నదిని చేరింది. పొడవు 325 కిలోమీటర్లు. అంతటితో పని ముగిసిందని ఎవరూ అనుకోలేదు. నౌకలు పెరిగినకొద్దీ కాలువను వెడల్పు చేస్తూ, లోతు చేస్తూ వచ్చారు. మిండెన్‌లో వేజర్ నది మీదుగా కాలువను దాటించే వంతెనను 1945లో వెనుదిరుగుతున్న జర్మను సైన్యమే పేల్చివేస్తే, తిరిగి కట్టుకున్నారు. అదీ చాలక 1998లో దాని పక్కనే మరొకటి కట్టారు. 2003లో ఎల్బే మీద 918 మీటర్ల నీటి వంతెనను తెరిచారు. నేడు 110 మీటర్ల పొడవు, పదకొండు మీటర్లకు మించిన వెడల్పు గల సరుకు నౌకలు ఈ దారిన నడుస్తున్నాయి.

అటువంటి నౌక ఎదురైనప్పుడు నీటి స్వభావం తెలుస్తుంది. ముందుగా దాని ముక్కు తోసిన నీరు మా పడవను గట్టువైపు నెట్టింది. నౌక పక్కకు రాగానే గట్టు దగ్గర నీటిమట్టం జానెడు దిగి, మా పడవ నౌకవైపు లాగబడింది. అది దాటిపోయాక వెనుక అల వచ్చి మళ్ళీ ఊపింది. మిత్రుడు ఒక్క మాట మాట్లాడకుండా చుక్కాని పట్టుకుని నిలబడ్డాడు. బొగ్గు, కంకర, పాత ఇనుము, కంటైనర్లు మమ్మల్ని దాటి వెళ్ళాయి. ఒక నౌక వెనుక భాగాన సరంగు కుటుంబపు కారు, కిటికీలకు తెరలు, పూలకుండీలు కనిపించాయి. మాకది విహారం, వారికది ఇల్లూ జీవనమూ. లాకుల దగ్గర సరుకు నౌకలకే మొదటి వరుస. మావంటివారు కట్టుకోవడానికి గట్టున కొంత చోటు మాత్రం గుర్తులు పెట్టి కేటాయిస్తారు. ఇందులో అవమానమేమీ లేదు. అతిథికి అతిథి మర్యాద తెలియాలి.

వెడల్పు చేసిన ప్రతిచోటా పాత గట్టులు, పాత వంతెనలు, చెట్ల నీడలు పోయాయి. ఆ నష్టాన్ని నేను కాదనను. ఇంగ్లండు కాలువల సొగసు ఇక్కడ లేదు. అయితే ఆ సొగసు నిలిచిన తీరు కూడా గుర్తుంచుకోవాలి. 1962-63 శీతకాలంలో అక్కడి కాలువలు వారాల తరబడి గడ్డకట్టడంతో, అప్పటికే కుంటుతున్న నారోబోట్ల సరుకు రవాణా దాదాపు ముగిసింది. అవి పూడిపోకుండా కాపాడింది సామాన్యుల అభిమానం. 1944లో రోల్ట్ రాసిన 'నారో బోట్' పుస్తకం, 1946లో ఏర్పడిన కాలువల సంఘం అందుకు పునాది వేశాయి. ఒక దేశపు కాలువ బరువు వల్ల బతికింది, మరొక దేశపు కాలువ ప్రేమ వల్ల బతికింది.

మన కాలువలకు ఈ రెండింటిలో ఏది మిగిలింది? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పుడు కాటన్ గోదావరి కాలువలను పొలాలకే కాక పడవలకూ ఉద్దేశించాడు. లాకులు అందుకే వెలిశాయి. బకింగ్‌హాం కాలువ మీద ఉప్పు, కట్టెలు మద్రాసుకు చేరేవి. ఆ బరువంతా రైళ్ళకూ లారీలకూ తరలిపోయింది. దాని స్థానంలోకి రావలసిన ప్రేమ మాత్రం రాలేదు. 2008లో కాకినాడ నుండి పుదుచ్చేరి దాకా ఈ కాలువలను నదులతో కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటించినంత మాత్రాన నీరు దారి కాదు. దాని మీద సరుకైనా నడవాలి, దాని కోసం పట్టుబట్టే మనుషులైనా ఉండాలి. రెండూ లేని కాలువను ఊరు తన మురికిని వదిలే చోటుగా మార్చుకుంటుంది. మద్రాసులో బకింగ్‌హాం కాలువకు పట్టిన గతి అదే.

జర్మనులంత వెడల్పుగా తవ్వమని నేను అనడం లేదు. పంటకు నీరిచ్చే కాలువ పడవనూ మోయగలదని ఒకప్పుడు మనకు తెలుసు. ఆ సంగతి మరిచిపోకుండా, కనీసం మిగిలిన పాత లాకులనైనా శిథిలం కానీయకుండా చూసుకోవాలన్నదే నా మనవి.